మా ఇంటి కునుకులు

మా ఇంట్లో పగటిపూట ఎవరూ నిద్రపోయేవారు కాదు. కునుకు తీసేవారు.

మధ్యాహ్నం అందరి భోజనాలూ అయి, అంట్లు బయట పడ్డాక, మా నాయనమ్మ వసారాలో గుంజకు వీపు ఆనించి, కాళ్ళు చాపుకుని కూర్చునేది. కాసేపట్లోనే తల ఒక పక్కకు వాలేది. మా అమ్మ ఏదో పని మీద వచ్చి "నిద్రపోయారా అత్తయ్యా?" అని అడిగితే, కళ్ళు తెరవకుండానే "లేదే, కాస్త కునుకు పట్టింది" అని జవాబిచ్చేది. పట్టపగలు నిద్రపోయిందని అనిపించుకోవడం ఆ తరం ఆడవాళ్ళకు నామోషీ. కునుకు పట్టడంలో నామోషీ లేదు. చీకటితోనే లేచి, వాకిట్లో కళ్ళాపి చల్లి, చల్ల చిలికి, అంతమందికి వండి పెట్టిన మనిషికి ఆ పాటి కునుకు పట్టకపోతేనే ఆశ్చర్యం.

ఈ మాటంటే నాకున్న ఇష్టం కొద్దీ, జనం దాన్ని వాడే తీరును గమనిస్తూ ఉంటాను. నిద్ర అయితే మనమే పోతాం. ఇల్లూ వాకిలీ, చేతిలోని పనీ అన్నీ వదిలేసి పోతాం. కునుకు అయితే అదే వచ్చి మనల్ని పడుతుంది, లేకపోతే మనమే కాస్త తీస్తాం. ఎక్కడికీ పోనక్కర్లేదు. కూర్చున్నవాళ్ళు కూర్చున్నట్టే ఉంటారు, చేతిలో ఉన్నది చేతిలోనే ఉంటుంది. దిగులుతో ఉన్నవాళ్ళు "రాత్రంతా కంటిమీద కునుకు లేదు" అనడం చూడండి. నిద్ర సంగతి దేవుడెరుగు, ఆ చిన్న కునుకైనా దక్కలేదన్నదే అందులోని బాధ. మూలిగే నక్క మీద తాటిపండు పడిందని అందరూ అంటారు కదా. మా ఊళ్ళో కొందరు పెద్దవాళ్ళు "కునికే నక్క" అనేవారు. నాకు అదే ఎక్కువ నచ్చుతుంది. పాపం ఆ నక్క ఎవరి జోలికీ పోలేదు, తాటిచెట్టు నీడన ఒక్క నిమిషం రెప్ప వాల్చింది, అంతే.

కునుకుకు చుట్టాలు చాలామంది ఉన్నారు. కూర్చున్న మనిషి తల ముందుకు వాలి, ఉలిక్కిపడి లేచి, మళ్ళీ వాలుతూ ఉంటే కునికిపాట్లు. ఒళ్ళంతా అటూ ఇటూ ఊగితే తూగడం. సరుకు బరువుకూ ఇదే మాట, తూగుటుయ్యాలలోనూ ఇదే మాట. కొట్లో త్రాసు పళ్ళాలు నిలకడకు రాకముందు ఊగే ఊపును చూసినవాళ్ళకు నిద్రకు తూగడమంటే ఏమిటో వేరే చెప్పక్కర్లేదు. జోగడం ఇంకాస్త బరువైన మాట, మత్తు పక్కనే ఎక్కువగా వినిపిస్తుంది. మగత జ్వరానిది, మందులది. కళ్ళు మూతపడినా చెవులు మేలుకుని ఉంటే మాగన్ను. "ఇప్పుడే మాగన్నుగా పట్టింది, ఇంతలో కుక్క మొరిగింది" అని తెల్లారి చెప్పుకునేవారు. ఇలా మూసి అలా తెరిచేది కోడికునుకు. ఇన్ని మాటలు ఎందుకు కావలసి వచ్చాయా అని ఒకప్పుడు అనుకునేవాణ్ణి. మా ఇంట్లోవాళ్ళను ఒక్కొక్కరినే తలుచుకుంటే ఏదీ ఎక్కువ కాదనిపిస్తుంది.

మా ఊరు చిలకలూరిపేటకూ కోటప్పకొండకూ మధ్య, నల్లరేగడి నేలల్లో ఉంటుంది. ఎండాకాలం రాత్రుళ్ళు వాకిట్లో నులకమంచాలు వేసుకునేవాళ్ళం. ఫ్యాను ఉన్న ఇళ్ళు ఊళ్ళో ఏ కొన్నో. నాయనమ్మ దగ్గర ఒక తాటాకు విసనకర్ర ఉండేది. అంచు చిట్లకుండా పాత చీర ముక్కతో చుట్టూ కుట్టింది. ఆ గుడ్డది ఎర్రగళ్ళ నేత. నన్నూ చెల్లినీ చెరో పక్కన పడుకోబెట్టుకుని విసిరేది. విసరగా విసరగా గాలి మందగించేది. విసనకర్ర నా వైపు వచ్చేది గానీ, చెల్లి వైపు వెళ్ళేది కాదు. తర్వాత మెల్లగా కిందికి దిగి, మంచం పట్టెకు టక్కున తగిలేది. ఆ చప్పుడుకే ఆవిడకు మెలకువ వచ్చి, ఆపిన చోటి నుంచే మళ్ళీ విసరడం మొదలుపెట్టేది. అన్నిసార్లు కునికినా విసనకర్ర చేతిలోంచి జారి నేల మీద పడడం మాత్రం నేను చూడలేదు.

అమ్మది ఇంకో రకం. చెల్లి పసిపిల్లగా ఉన్నప్పుడు దూలానికి చీర ఉయ్యాల కట్టి, దానికి కట్టిన తాడు రెండో కొసను తన కాలి బొటనవేలికి ముడి వేసుకునేది. ఒళ్ళో చేటలో ఎండు మిరపకాయలు. తొడిమలు తీసి ఒక పక్క, కాయలు ఒక పక్క వేసేది. మధ్యాహ్నపు వేడికి కళ్ళు వాలిపోతుండేవి. నులుముకుందామంటే చేతులకు మిరప ఘాటు, అందుకని మోచెయ్యి పైకెత్తి రవిక చేతి అంచుతో రెప్పలు రుద్దుకునేది. కాసేపటికి అదీ ఆగిపోయేది. చేతిలో మిరపకాయ అలాగే ఉండేది, తల గోడకు ఆనేది. కాలు మాత్రం ఆడుతూనే ఉండేది. ఉయ్యాల ఆగితే చెల్లి కంటే ముందు అమ్మే లేచేది.

ఆ చేతినీ ఈ కాలినీ తలుచుకున్నప్పుడల్లా నాకు ఒకటే అనిపిస్తుంది. ఒళ్ళు వాల్చే తీరిక లేనివాళ్ళు, ఉన్నా అందుకు మనసొప్పనివాళ్ళు, పని మధ్యలోంచి ఇంత తుంచుకుని తీసుకున్న విశ్రాంతి పేరు కునుకు. పట్టు వదలకుండా తీసుకున్నది. అందుకే ఆ మాటలో నాకు బద్ధకం వినిపించదు, ఎంతో గౌరవం వినిపిస్తుంది.

తాతయ్య కునుకు గురించి కాస్త ఎక్కువే చెప్పాలి. నాగార్జునసాగర్ నుంచి కాలువలకు నీళ్ళు వదిలింది 1967 ఆగస్టులో. కుడికాలువ నీళ్ళు మా చేల దాకా రావడానికి మరికొన్నేళ్ళు పట్టింది. నీళ్ళతో పాటు వంతులూ వచ్చాయి. పై చేలవాళ్ళు పెట్టుకున్నాక కిందివాళ్ళకు. వంతుకు పగలూ రాత్రీ తేడా లేదు. అర్ధరాత్రి వచ్చినా లేచి మడవ తిప్పుకోవాల్సిందే. ఏమరితే నీళ్ళు వాగు పాలవుతాయి, మళ్ళీ వంతు ఎప్పటికో.

సంక్రాంతి సెలవుల్లో వెంటపడితే తాతయ్య నన్నూ తీసుకువెళ్ళేవారు. ఆయన భుజాన గొంగడి, పార, నా చేతిలో లాంతరు. చేను చేరాక ముందుగా బోదెలో గడ్డీ గాదం తీసి, పారతో రెండు వేట్లు వేసి దారి సరిచేసేవారు. తర్వాత గట్టుకు ఆనుకుని కూర్చుని, ఎండిపోయి ఉన్న బోదెలోకి రెండు కాళ్ళూ చాపి, గొంగడి తల మీదుగా కప్పుకునేవారు.

"నిద్రపోతే ఎలా తాతయ్యా, నీళ్ళు వచ్చేస్తే?"

"నిద్ర ఎక్కడరా, కునుకే కదా. నీళ్ళు వచ్చి అవే లేపుతాయి."

నాకు మాత్రం నిద్ర వచ్చేది కాదు. చలి, కీచురాళ్ళు, ఎక్కడో దూరంగా ఇంకో లాంతరు. చాలాసేపటికి పై చేల వైపు నుంచి గరగరమని చిన్న చప్పుడు వినబడేది. అది నీటి చప్పుడులా ఉండదు. ఎండుటాకులనూ గడ్డి పరకలనూ నీళ్ళు ముందుకు తోసుకువస్తున్న చప్పుడు. లాంతరు ఎత్తి చూస్తే ముందు నురగ, నురగ మీద చెత్త, వెనక నల్లటి నీళ్ళు. రేగడి నేల కదా, ఎండి పగుళ్ళు తీసి ఉంటుంది. ప్రతి పగులు దగ్గరా నీళ్ళు ఒక్క క్షణం ఆగి, బుడబుడమని లోపలికి దిగి, అది నిండాక మళ్ళీ కదిలేవి. అలా నింపుకుంటూ నింపుకుంటూ వచ్చి తాతయ్య మడమలకు తగిలేవి. తగలడం, ఆయన లేవడం, పార చేతికి రావడం ఒక్కసారే జరిగేవి. కళ్ళు పూర్తిగా తెరవకముందే మొదటి వేటు పడేది. నీళ్ళు మడిలోకి తిరిగాక అప్పుడు చుట్ట వెలిగించుకుని, "చూశావా?" అనేవారు.

ఆ తాతయ్యే మధ్యాహ్నం అరుగు మీద కుర్చీలో కూర్చుని, పేపరు ఒళ్ళో పెట్టుకుని కునికేవారు. మంచం వాల్చమని నాయనమ్మ చెప్పినా వినేవారు కాదు. పగలు పడుకుంటే ఒంటికి మంచిది కాదు, కూర్చుని కునికితే ఫరవాలేదు అనేవారు. అది ఆయన సొంత సిద్ధాంతం అనుకున్నాను. చాలా ఏళ్ళ తర్వాత చరక సంహిత సూత్రస్థానంలో 21వ అధ్యాయం చదువుతుంటే ఆ మాటే కనబడింది. రాత్రి జాగరణ ఒంట్లో రూక్షత, అంటే పొడితనం, తెస్తుందట, పగటి నిద్ర జిడ్డుతనం తెస్తుందట, కూర్చుని తీసే కునుకు మాత్రం ఆ రెండూ తేదట. "అరూక్షమనభిష్యంది త్వాసీనప్రచలాయితమ్" అన్నది మూలం. ఆసీన ప్రచలాయితం అంటే కూర్చుని తూగడం. ఎండాకాలంలో రాత్రులు పొట్టివి కాబట్టి ఆ రుతువులో పగటి నిద్రకు కూడా అనుమతి ఉంది అక్కడ. తాతయ్య సంస్కృతం చదువుకోలేదు. ఎవరి నోటి నుంచి ఎవరి నోటికి దిగుతూ వచ్చిందో గానీ, ఆ మాట మా అరుగు దాకా చేరింది. ఆ పుట చదివిన రోజున ఆయన ఉండి ఉంటే ఎంత బాగుండునో అనుకున్నాను.

బళ్ళో అయితే మధ్యాహ్నం మొదటి పీరియడు కునికిపాట్లదే. అన్నం తిన్నందుకే అలా అవుతుందని మా మాస్టారు అనేవారు. తిండి ఒక్కటే కారణం కాదని, ఆ వేళకు ఒంట్లోని గడియారమే కాస్త మందగిస్తుందని, భోజనం చేయకపోయినా ఆ మాంద్యం వస్తుందని ఇప్పుడు చెబుతున్నారు. మెడ కండరాలు సడలి తల వాలడం, వాలిన కుదుపుకే మెలకువ రావడం, ఇదే కునికిపాటు. ఆ మాస్టారు మంచివారు. కునికేవాణ్ణి కొట్టకుండా బావి దగ్గరికి పంపి, ముఖం కడుక్కుని రమ్మనేవారు. ఇవాళ జాతీయ రహదారుల మీద పోలీసులు అర్ధరాత్రి దాటాక లారీలు ఆపి, డ్రైవర్ల చేత ముఖం కడిగించి పంపుతుంటే చూసి ఆయనే గుర్తొచ్చారు. చక్రం ముందు మాత్రం కునుకుకు చోటు లేదు. ఒక్క రెప్పపాటుకు ఎన్ని కుటుంబాలు చితికిపోతున్నాయో రోజూ చూస్తున్నాం. ఎద్దుల బండి సంగతి వేరు.

శివరాత్రికి మా ఊరి నుంచి బళ్ళు కట్టుకుని కోటప్పకొండకు వెళ్ళేవాళ్ళు. ఆకాశాన్ని అంటుకునే ప్రభలు, త్రికోటేశ్వరుడి దర్శనం, తిరునాళ్ళ జనం, అవన్నీ ఎవరైనా చెబుతారు. నాకు బాగా గుర్తున్నది తిరుగు ప్రయాణం. బండి కింద ఇరుసుకు కట్టిన లాంతరు ఊగుతూ ఉండేది. గడ్డి పరిచిన బండిలో అత్తయ్యలు, పిల్లలు, చిలకలు, బూరలు. జాగారం కాబట్టి పడుకోకూడదు. అందరూ కూర్చునే ఉండేవారు. బండి గుంతలో దిగినప్పుడల్లా అన్ని తలలూ కలిసి ఒక్కసారి ముందుకు వాలేవి, కలిసి లేచేవి. తోలుతున్న బాబాయి చేతిలో పగ్గాలు వదులై, గడ్డం రొమ్ముకు ఆనేది. ఎద్దులకు ఇంటి దారి తెలుసు. మలుపు దగ్గర తమంతట తామే తిరిగేవి. జాగారం చెడిపోయిందేమోనని చిన్నత్తయ్య భయపడితే, నాయనమ్మ తేల్చి చెప్పింది: "ఒళ్ళు వాల్చలేదు కదా. శివుడికి తెలుసులే."

దేవుళ్ళకు కునుకు సంగతి తెలుసుననడానికి ఆవిడ దగ్గర గట్టి సాక్ష్యమే ఉండేది. అది లక్ష్మణదేవర నవ్వు. తెలుగు ఆడవాళ్ళు తరతరాలుగా పాడుకుంటూ వచ్చిన రామాయణపు పాటల్లో ఒకటి. బియ్యంలో రాళ్ళు ఏరుతూ, పప్పు బాగు చేస్తూ పాడేది. పాట కంటే ముందు కథ చెప్పేది మాకు. అడవికి వెళ్ళిన మొదట్లో, రాత్రి అన్నకూ వదినకూ కాపలా కాస్తున్న లక్ష్మణుడి దగ్గరికి నిద్రాదేవి వచ్చింది. పద్నాలుగేళ్ళు నా జోలికి రావద్దు తల్లీ, గడువు తీరాక రమ్మని ఆయన వేడుకున్నాడు. ఆవిడ సరేనంది. అక్కడ అయోధ్యలో ఊర్మిళ ఆ ఏళ్ళన్నీ నిద్రలోనే గడిపింది. దాని మీద ఇంకో పెద్ద పాట ఉంది. వనవాసం ముగిసి రాముడు కొలువు తీరాడు. నిండు సభ. లక్ష్మణుడు నిలబడి సేవ చేస్తున్నాడు. సరిగ్గా అప్పుడు నిద్రాదేవి మాట తప్పకుండా వచ్చి ఎదురుగా నిలబడింది. ఆయనకు ఫక్కున నవ్వు వచ్చింది.

ఇక్కడ నాయనమ్మ చేట పక్కన పెట్టేది. సభలో ప్రతివాళ్ళూ ఆ నవ్వు తమ గురించే అనుకున్నారు. శివుడికి తన నెత్తి మీది గంగ గుర్తొచ్చింది. సుగ్రీవుడికి అన్న గుర్తొచ్చాడు, విభీషణుడికీ అన్నే గుర్తొచ్చాడు. సీతమ్మకు లంకలో ఉన్న రోజులు గుర్తొచ్చాయి. ఒక్కొక్కరూ తల వంచుకున్నారు. చివరికి రాముడే తనను చూసి నవ్వాడనుకుని కోపంతో లేచాడు. అప్పుడు లక్ష్మణుడు సంగతి చెప్పాడు. "ఏమీ లేదన్నయ్యా, నిద్ర వచ్చింది." రాముడు పశ్చాత్తాపపడి, తమ్ముడికి పడక వేయించి, పడుకోబెట్టి, తానే కూర్చుని కాళ్ళు పట్టాడట.

ఆ చివరి ముక్క చెప్పేటప్పుడు నాయనమ్మ గొంతు మారిపోయేది. ఏళ్ళ తరబడి కంటిమీద కునుకు లేకుండా చాకిరీ చేసిన మనిషిని, చేయించుకున్న మనిషి పడుకోబెట్టి కాళ్ళు పట్టడం! ఆ పాట కట్టిన ఆడవాళ్ళు ఎన్ని మధ్యాహ్నాలు గుంజలకు ఆనుకుని కునికారో, ఎన్ని రాత్రుళ్ళు విసనకర్ర పట్టుకుని తూగారో గానీ, వాళ్ళకు తప్ప ఇంకొకరికి ఈ ఊహ వచ్చి ఉండదని నా గట్టి నమ్మకం. నిండు సభలో నిద్ర ముంచుకురావడమంటే ఏమిటో వాళ్ళకు తెలుసు.

అమ్మ ఆఖరి రోజుల్లో ఆసుపత్రిలో ఉన్నప్పుడు మందుల వల్ల ఎప్పుడూ మగతగానే ఉండేది. ఆ మాట అంతవరకు నేను పెద్దగా వాడలేదు. డాక్టరు గారు అడిగినప్పుడు నా నోట అదే వచ్చింది. మధ్యలో ఒక్కోసారి కళ్ళు తెరిచి నన్ను గుర్తుపట్టి, "నువ్వు కాస్త కునుకు తియ్యి నాయనా, నేను మెలకువగానే ఉన్నాగా" అనేది. అలా అంటూనే మళ్ళీ మగతలోకి జారిపోయేది. ఇనుప కుర్చీలో, మంచం కమ్మి మీద చెయ్యి వేసుకుని, ఆవిడ చెప్పినట్టే తీసేవాణ్ణి.

లక్ష్మణదేవర నవ్వు పూర్తిగా వచ్చిన మనిషి మా ఇంట్లో ఇప్పుడు పెద్దత్తయ్య ఒక్కతే. గుంటూరులో ఉంటుంది. మొన్న పండక్కి వెళ్ళినప్పుడు పాడించి ఫోనులో రికార్డు చేశాను. సగం పాడాక హనుమంతుడి చరణం దగ్గర ఆగిపోయింది. ఎంత ఆలోచించినా అందలేదు. "గుర్తొస్తే చెబుతాలేరా" అంది. మేము ఇంటికి వచ్చేసిన రాత్రి పదకొండు దాటాక ఫోను మోగింది. "మాగన్నుగా పట్టింది, అందులో వచ్చిందిరా, రాసుకో" అని హనుమంతుడి చరణం మొత్తం పాడింది. రాసుకున్నాను. జాంబవంతుడిది ఇంకా రావాలి.